జేబులో కలరా ఉండ

పైడయ్య పోయి నాలుగేళ్ళయింది. అయినా జోగమ్మ అతన్ని కలుసుకోవడం మానలేదు.

మధ్యాహ్నం అంట్లు తోముకుని, వీధి తలుపు గొళ్ళెం పెట్టుకుని, మంచం కిందనుంచి ఆకుపచ్చ రేకు పెట్టెను బయటికి లాగేది. మూత ఎప్పుడూ పూర్తిగా తెరిచేది కాదు. జానెడు ఎత్తి, ఆ సందులో మొహం పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేది. బార్లా తెరిస్తే వాసనంతా విశాఖపట్నం వన్ టౌన్ గాలిలో కలిసిపోతుందని ఆమె భయం. ఒకసారి పీలిస్తే గుండె దడదడలాడేది. రెండోసారికి ఖాకీ చొక్కా కనబడేది. మూడోసారికి పైడయ్య పోర్టులో డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటూ, "ఏటి వొండేవే?" అని అడిగేవాడు. అంతే. మూత వేసి, పెట్టెను లోపలికి తోసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మిగిలిన రోజును ఎలాగో నెట్టేసేది.

పెట్టెలో ఉన్నవి నాలుగు పంచెలు, ఒక ఖాకీ చొక్కా, వాటి మడతల మధ్య గుప్పెడు కలరా ఉండలు. ఉండలు నెల తిరిగేసరికి అరిగి శనగగింజంత అవుతాయి. అప్పుడు పూర్ణా మార్కెట్టుకి పోయి కొత్తవి తెచ్చి వేసేది. అదేం మొగుడి వాసన, ఊళ్ళో ప్రతి పెట్టెలోనూ అదే వాసన కదా అని మీరడగొచ్చు. జోగమ్మ దగ్గర మాత్రం అనకండి. ఆమె నోరు మంచిది కాదు. పైగా ఈ విషయంలో ఆమె పక్షాన న్యాయం కూడా ఉంది. మిగిలినవాళ్ళకి కలరా ఉండ పెట్టెలో ఉంటుంది. పైడయ్యకి జేబులో ఉండేది.

అతనిది ఎలమంచిలి పక్కన పల్లె. తొమ్మిదో ఏట ఊళ్ళో కలరా తగిలి, తల్లీ చెల్లెలూ ఒక్క వారంలో పోయారు. ఆ తర్వాత విశాఖపట్నం వచ్చి, పెరిగి, పోర్టులో కళాసీగా కుదిరాడు. ఒకరోజు పోర్టు గుమస్తా ఒకాయన ఇల్లు మారుతుంటే సామాను మోయడానికి వెళ్ళాడు. బీరువాలోంచి తెల్లటి ఉండలు దొర్లి కిందపడ్డాయి. ఇవేటి బాబూ అని అడిగితే, కలరా ఉండలురా అన్నాడు గుమస్తా. పైడయ్యకి ఆ మొదటి మాట తప్ప మరేదీ వినబడలేదు. జ్వరం బిళ్ళ జ్వరానికి, దగ్గు మందు దగ్గుకి. మరి కలరా ఉండ దేనికి? ఇంత తేలికైన సంగతి ఎవరూ తనకి ముందే చెప్పనందుకు అతనికి దుఃఖం వచ్చింది. చెప్పి ఉంటే అమ్మ బతికేది కదా అని గుమస్తాగారి గుమ్మంలోనే కూలబడి ఏడిచాడట. ఆయన జాలిపడి ఓ పొట్లాం కట్టి ఇచ్చాడు.

ఆనాటినుంచి ఒక ఉండ చిన్న గుడ్డలో మూటకట్టి చొక్కా ఎడమ జేబులో పెట్టుకోకుండా అతను వీధిలోకి అడుగు పెట్టలేదు. తోటి కళాసీలు నవ్వలేదు. నవ్వడానికి వాళ్ళకి మాత్రం ఏం తెలుసు? వానాకాలం వస్తే ఇద్దరు ముగ్గురు తామూ జేబులో వేసుకునేవారు. కొత్త కాపురంలో జోగమ్మకి ఆ వాసనకి తలనొప్పి వచ్చేది. చొక్కా తీసి మేకుకి తగిలిస్తే గదంతా నిండిపోయేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, అతను రాత్రి డ్యూటీకి వెళ్ళిన రోజున ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు. మనసు పడడమంటే ఇంతేనేమో, తలనొప్పి తెచ్చినదాన్నే వెతుక్కోవడం.

పెళ్ళయిన రెండేళ్ళకి మగపిల్లాడు పుట్టాడు. పైడయ్య తన పాత పంచెలు పెట్టెలోంచి తీసి చింపి ఇచ్చాడు. ఒక కలరా ఉండని గుడ్డలో చుట్టి తన చేత్తోనే ఉయ్యాల తాటికి కట్టాడు. ఆ ముడి వేస్తున్నప్పుడు అతని నాలుక కొస పళ్ళ మధ్య ఉండటం జోగమ్మకి ఇప్పటికీ గుర్తే. ఆరోరోజుకి పిల్లాడి కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళు పచ్చబడింది. పసరు పోశారు, దిష్టి తీశారు. తొమ్మిదో రోజు ఉదయం పోయాడు. పేరైనా పెట్టలేదు. పైడయ్య అరుగు మీద కూలబడ్డాడు. చివరికి, "ఒకటి సాల్లేదు గావాల," అన్నాడు.

మరో రెండేళ్ళకి గౌరీశ్వరి పుట్టినప్పుడు ఉయ్యాలకి రెండు కట్టాడు. గౌరికి తుమ్ము కూడా రాలేదు. దుక్కలా పెరిగింది. రెండు కట్టాను గనక నా పిల్ల బతికిందని అతను చచ్చేవరకూ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. జోగమ్మా నమ్మింది. ఎదురుగా పిల్ల గెంతుతుంటే నమ్మకేం చేస్తుంది? డెబ్భై తొమ్మిదిలో గుండె ఆగి అతను పోయినప్పుడు కూడా జేబులో ఉండ ఉంది. మూట విప్పి చూస్తే సగానికి అరిగి ఉంది. దాన్ని అలాగే మూటకట్టి పెట్టెలో వేసింది.

గౌరీశ్వరిని పెందుర్తి కుర్రాడు సత్యానికిచ్చి చేశారు. రైతుల బిడ్డ. స్టీల్ ప్లాంటు కడుతున్నచోట ఉద్యోగం. ఎనభై మూడు శ్రావణంలో గౌరి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఘోషాసుపత్రిలో కాన్పయింది. మగపిల్లాడు. ఆయమ్మ పిల్లాణ్ణి తెచ్చి చేతుల్లో పెట్టగానే జోగమ్మకి ముందుగా వచ్చింది సంతోషం కాదు, కోపం. ఇంత తొందరేటి నీకు, ఇంకో నాలుగేళ్ళు ఆగలేకపోయావా అని పైడయ్య మీద కోపం. పిల్లాడి ముక్కు అచ్చం తాతదే. ఆ ముక్కు చూడాల్సినవాడు చూడకుండా పోయాడు. వాడి చెయ్యి ఒక్కసారైనా పిల్లాడి ఒంటికి తగిలితే చాలుననిపించింది ఆమెకి. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

పురిటి బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. పదకొండో రోజు పురిటి స్నానమయ్యేదాకా ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి పాతబట్టలోనే చుడతారు. పెద్దల ఆయుష్షు బిడ్డకి వస్తుందని నమ్మకం. పైడయ్య పంచెలు నాలుగేళ్ళుగా ఆమె దాచింది ఆ రోజు కోసమే. అయితే పాతబట్ట చుట్టేముందు సోడా వేసి ఉడకబెట్టి, ఉతికి, ఎండలో ఆరెయ్యాలన్నది కూడా ఆ ఆచారంలో భాగమే. జోగమ్మకి తెలియంది కాదు. మర్నాడు పిల్లాణ్ణి ఇంటికి తెచ్చాక పంచె తీసుకుని కుళాయి దగ్గరకి వెళ్ళింది కూడా. బకెట్లో ముంచబోయి ఆగిపోయింది. ముంచితే పైడయ్య నీళ్ళలో కలిసి తూములోకి పోతాడు. పిల్లాడికి ఉత్త గుడ్డ మిగులుతుంది.

సాకులకేం, బోలెడున్నాయి. వాన వారం రోజులుగా పట్టి ఉంది. తెరిపిస్తే పోర్టునుంచి ఎర్ర ఖనిజం దుమ్ము వచ్చి తాటి మీద బట్టలన్నిటికీ రంగు వేస్తుంది. పెట్టెలోది శుభ్రంగానే ఉందిగా అనుకుంది. పొడిగా ఉన్న పంచెను అలాగే చింపి మడతలు పెట్టి తెచ్చింది.

"ఉతికేవా అమ్మా?" అని అడిగింది గౌరి.

"ఉతికేనే," అంది జోగమ్మ.

ఉయ్యాలకి మూడు కట్టింది. రెండింటికి ఆడపిల్ల నిలిచింది, మగపిల్లాడికి మూడైనా ఉండాలని ఆమె లెక్క.

తర్వాతి మూడు నాలుగు రోజులూ జోగమ్మ బతుకులో మంచిరోజులు. పొద్దున్నే కాళ్ళు చాపి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, నువ్వులనూనె ఒళ్ళంతా ఇంకేలా మర్దనా చేసేది. నీళ్ళుపోసి, మళ్ళీ కాస్త నూనె రాసి, తాత పంచెలో మెడదాకా చుట్టేది. పిల్లాణ్ణి భుజాన వేసుకుంటే వాడి తలదగ్గర పైడయ్య వాసన వచ్చేది. పెట్టెలో మొహం పెట్టుకోనక్కర్లేదు. పైడయ్య వెచ్చగా, బరువుగా, కదులుతూ ఆమె భుజం మీదే ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె లోలోపల అతనితో పోట్లాడటం మానేసి మాట్లాడటం మొదలుపెట్టింది. చూసేవా నీ మనవడు, ఎలా తన్నుతున్నాడో చూసేవా అని చెప్పేది. వాన పడుతున్నా ఇంట్లో దీపం పెట్టినట్టుండేది.

ఐదోరోజు పిల్లాడి కళ్ళలో పచ్చదనం కనబడింది. పక్కింటి నారాయణమ్మ వచ్చి, పురిటి పిల్లలకి మామూలే, పొద్దుటి ఎండ చూపిస్తే పోతుందంది. ఎండ ఎక్కడుంది? ఆరోరోజుకి పచ్చదనం అరికాళ్ళదాకా దిగింది. పిల్లాడు పాలు పట్టుకోవడం మానేశాడు. గిల్లినా ఏడవలేదు. తడిసిన గుడ్డ తీసి చూస్తే టీ ఒలికినట్టు మరక. ఆ మరక జోగమ్మకి తెలుసు. ఇరవై అయిదేళ్ళ కిందట చూసిందే. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

కూర్చున్నదల్లా లేచి ఏం చేసిందంటే, పెట్టె తెరిచి నాలుగో ఉండ తీసి ఉయ్యాలకి కట్టింది.

సత్యం డ్యూటీనుంచి తిన్నగా వచ్చి, పిల్లాణ్ణి చూసి, వీధిలోకి పోయి ఆటో తెచ్చాడు. పచ్చి బాలింత గౌరి, తలకి గుడ్డ చుట్టుకుని వానలోనే ఎక్కింది. జోగమ్మ పిల్లాణ్ణి పంచెలో మరో చుట్టు గట్టిగా చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దాసుపత్రికి వెళ్ళేదాకా ఆ గుడ్డలోనే మొహం దాచుకుని, నువ్వే సూసుకో మావా, నువ్వే సూసుకో అని గొణుగుతూనే ఉంది.

పిల్లల వార్డులో భ్రమరాంబ అని పెద్ద నర్సు ఉండేది. గోదావరి జిల్లా మనిషి. జుట్టు నెరిసింది, చేతులు మాత్రం చకచకా ఆడతాయి. పిల్లాణ్ణి బల్ల మీద పెట్టి, పంచె విప్పి, చటుక్కున ఆగింది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దాన్ని ఉండచుట్టి వరండా చివరికి విసిరేసి వచ్చి, పిల్లాడి ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడిగి, ఆసుపత్రి బట్టలో చుట్టింది. జోగమ్మ ఆ విసిరిన పంచె వైపే చూస్తూ నిలబడిపోయింది. పరిగెత్తి తెచ్చుకోవాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఆమె కాళ్ళు అటే ఒక అడుగు వేశాయి కూడా.

డాక్టరు వచ్చి పరీక్షలు చేయించాడు. రక్తం లోపల్లోపలే విరిగిపోతోంది, ఉన్నది తీసి కొత్తది ఎక్కించాలన్నాడు. సత్యం స్టీల్ ప్లాంటునుంచి తోటివాళ్ళని తీసుకొచ్చాడు. వాళ్ళు చేతులు చాపి పడుకున్నారు. గౌరి వార్డు గుమ్మం దగ్గర బెంచీమీద కదలకుండా కూర్చుంది. అప్పుడు భ్రమరాంబ జోగమ్మని పక్కకి పిలిచి, గుడ్డ ఎక్కడిదని, ఎన్నాళ్ళనుంచి చుడుతున్నారని అడిగింది. జోగమ్మ దాచలేదు. పెట్టె సంగతీ, నూనె సంగతీ, ఉయ్యాలకి కట్టిన నాలుగు ఉండల సంగతీ చెప్పింది. కలరా రాకుండా కట్టేనమ్మా అంది.

భ్రమరాంబ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"దానికీ కలరాకీ ఏ సంబంధం లేదమ్మా. ఎవరో ఆ పేరు పెట్టేశారు, మనం అనేస్తున్నాం. అది గుడ్డల్లో పురుగు చావడానికి వేసే మందు. గాల్లో కలిసి ముక్కులోకి పోద్ది. నూనె రాసిన పసి ఒంటికి ఆ గుడ్డ చుడితే చర్మంలోంచి కూడా దిగుద్దండి."

అందరు పిల్లలకీ ఇంత పని చెయ్యదని కూడా చెప్పింది. కొన్ని కుటుంబాల్లో రక్తానికే ఒక బలహీనత ఉంటుంది. తల్లి వైపునుంచి వస్తుంది. ఆడపిల్లల్ని చాలావరకు వదిలేస్తుంది, మగపిల్లల్ని పట్టుకుంటుంది. అలాంటి పిల్లాడికి ఈ ఉండల గాలి సోకకూడదు. మలేరియా బిళ్ళల్లో కూడా ఒక రకం ఉంది, అది వాడికి జన్మలో ఇవ్వకూడదు. అందుకే డాక్టరుగారు ఒక ముక్క కనుక్కోమన్నారంది.

"మీ అమ్మాయికి ముందు మీకు మగపిల్లాడెవరైనా ఇలాగ పచ్చబడి పోయాడాండి?"

జోగమ్మకి ఎదురుగా భ్రమరాంబ కనబడటం మానేసింది. ఉయ్యాల తాడు కనబడింది. తాటి మీద రెండు నల్లటి చేతులు, పళ్ళ మధ్య నాలుక కొస. తల్లినీ చెల్లెల్నీ పోగొట్టుకున్నవాడు, కొడుకునైనా కాపాడుకోవాలని, ఊడిపోకుండా రెండు ముళ్ళు వేశాడు. ఒకటి చాల్లేదన్నాడు. అరుగు మీద కూర్చుని, ఇంకొకటి కట్టి ఉంటే బతికేవాడని అన్నాడు.

"నేదమ్మా," అంది జోగమ్మ.

భ్రమరాంబ తలూపి లోపలికి వెళ్ళిపోయింది. జోగమ్మ వరండా మెట్ల మీద కూర్చుంది. నాలుగేళ్ళుగా ఆమె దేవుణ్ణి అడిగింది ఒకటే. ఒక్క పూటకి పైడయ్యని పంపించమని. అన్నం పెట్టి పంపించేస్తానని. ఆ పూట మెట్ల మీద కూర్చుని మొదటిసారి, వాడు లేకపోవడమే మంచిదైంది అనుకుంది. అనుకుని, అలా అనుకున్నందుకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ మాట వాడి చెవిన పడితే రెండోసారి గుండె ఆగేది. గౌరి బతికింది తన చేతి చలవ వల్లనని ఇరవై ఏళ్ళు మురిసిపోయినవాడికి, ఆ చెయ్యే ముందొకణ్ణి తీసిందని ఎవరు చెప్పగలరు? తెలియకుండా పోయావు, నా తండ్రీ, తెలియకుండానే ఉండు.

రెండు రోజులు గడిచాయి. పిల్లాడు కళ్ళు తెరిచాడు. పచ్చదనం అరికాళ్ళనుంచి వెనక్కి పోతోందన్నారు. మూడోరోజు గట్టిగా ఏడిస్తే వార్డులో అందరూ నవ్వారు. గౌరి పాలిచ్చింది. జోగమ్మ కూడా నవ్వింది గానీ ముద్ద దిగలేదు. బలహీనత ఉందని తేల్చే పరీక్ష ఇప్పుడే చేస్తే సరిగా రాదు, కొత్త రక్తం ఎక్కింది గదా, నెలలు పోయాక చూడాలని డాక్టరు సత్యంతో అనడం ఆమె విన్నది. ఈలోగా చీటీలో ఏం రాస్తారు? వన్ టౌన్‌లో దోమలకి కరువా? రేపు చలిజ్వరం వస్తుంది. ఎవరో ఒక డాక్టరు చీటీ చూస్తాడు, అందులో ఏమీ ఉండదు, ఆ బిళ్ళే రాస్తాడు. తన నోటినుంచి వచ్చిన ఆ ఒక్క మాట పిల్లాడి జేబులో ఉండలాగ కూర్చుని ఉంటుంది.

చచ్చినవాడి పేరు ఒక పక్క, బతకాల్సినవాడి ప్రాణం ఒక పక్క. ఇందులో ఆలోచించడానికేముందని మనం అనుకుంటాం. జోగమ్మకి ఒక పగలంతా పట్టింది.

సాయంత్రం భ్రమరాంబ డ్యూటీ దిగబోతుంటే అడ్డం వెళ్ళి నిలబడింది. గౌరి మంచం పక్కనే. సత్యం కూడా అక్కడే ఉన్నాడు.

"సిస్టరమ్మా, నాను అబద్దం ఆడేను. గౌరికి ముందు నాకొక మగపిల్లోడు. పచ్చబడిపోయి తొమ్మిదో రోజుకి పోయేడు. ఆడి ఉయ్యాలకీ ఉండ కట్టేం. రాస్కోండి."

భ్రమరాంబ ఆమె చెయ్యి పట్టుకుని, చెప్పి మంచిపని చేశారమ్మా అంది. కాగితం తెచ్చి అప్పుడే రాసుకుంది. ఆమె కాగితంతో వెళ్ళాక గౌరి తల్లి వైపు చూసింది. ఆ చూపు జోగమ్మ మూడు రోజులుగా ఎదురుచూస్తున్నదే.

"అప్పుడు ఎవరు కట్టేరమ్మా?"

"నానే కట్టేను," అంది జోగమ్మ. "మీ నాన్న వొద్దనే అన్నాడు. నాను ఇన్లేదు. ఆ తరవాతే నన్ను సూసి ఆడికి అలవాటయింది."

సత్యం తలదించుకున్నాడు. గౌరి పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి జరుపుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కూతురు ఇక తన మొహం చూడదని జోగమ్మ అనుకుంది. చూడకపోయినా ఫరవాలేదు. తండ్రి మొహం చూసుకుంటుంది కదా, గోడమీద పటంలో.

పిల్లాణ్ణి పంపించేలోగా ఇల్లంతా ఆ వాసన పోవాలని భ్రమరాంబ గట్టిగా చెప్పింది. పెట్టెలోవన్నీ బయట పారేసి, గుడ్డలు చాలా రోజులు గాలికి ఎండకి పెట్టి, ఉతికి, మళ్ళీ ఎండబెట్టమంది. జోగమ్మ ఒక్కతే ఇంటికి వచ్చింది. వాన వెలిసింది. పెట్టెను డాబా మీదికి మోసుకెళ్ళి, నాలుగేళ్ళలో మొదటిసారి మూత బార్లా తెరిచింది. ఉండలన్నీ ఏరింది. జేబులోంచి తీసిన ఆ పాత మూట కూడా విప్పి చూసింది. లోపల ఏమీ లేదు. ఎప్పుడో అరిగిపోయి గాల్లో కలిసిపోయింది. ఖాళీ గుడ్డకి ముడి వేసి ఉంచుకుందన్నమాట.

పంచెలు తాటి మీద ఆరేసింది. ఖాకీ చొక్కా చివర్న వేసింది. రోజూ పొద్దున్నే ఎక్కి, ఎర్ర దుమ్ము దులిపి, తిరగేసి వేసేది. రోజురోజుకీ వాసన తగ్గింది. తగ్గుతున్నకొద్దీ పైడయ్య మళ్ళీ పోతున్నట్టుండేది. మొదటిసారి ఒక్క నిమిషంలో పోయాడు. ఈసారి పది రోజులు పట్టింది. పంచెలు సోడాతో ఉడకబెట్టి ఉతికింది. చొక్కా మాత్రం రేపు ఉతుకుతాను, ఎల్లుండి ఉతుకుతానని వాయిదా వేసింది.

పిల్లాడితో గౌరి ఇంటికి వచ్చిన రోజున ఎండ బాగా కాసింది. గౌరి గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి, గది నాలుగు మూలలా తిరిగి చూసి, అప్పుడు కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచి తల్లితో ముక్తసరిగానే మాట్లాడింది. ఉతికిన పంచె ముక్క ఇస్తే వాసన చూసి, ఉత్త ఎండ వాసనే వస్తోందని, పిల్లాడికి చుట్టింది.

జోగమ్మ డాబా మీదికి వెళ్ళి చొక్కా తీసింది. ఇక ఉతకక తప్పదు. మడత పెడుతూ, ఊరికే, అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది. కలరా ఉండ వాసన లేదు. ఏమీ లేదనుకుని తియ్యబోతుంటే, మెడపట్టీ లోపలినుంచి సన్నగా ఇంకేదో వచ్చింది. చుట్ట పొగ. యంత్రాలకి పూసే గ్రీజు. కొబ్బరినూనె రాసుకున్న మెడ. చెమట. ఇన్నాళ్ళూ ఆ తెల్లటి ఉండలు తొక్కిపెట్టి ఉంచిన మనిషి అక్కడ, చేతివేలంత మేర మిగిలి ఉన్నాడు. ఈ మనిషిని ఆమె మరిచేపోయింది. డాబా మెట్ల మీదే కూర్చుని, చొక్కా మొహానికి పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీలిస్తే అయిపోతాడేమోనని ఆగి ఆగి పీల్చింది.

గౌరి పిల్లాణ్ణెత్తుకుని ఎప్పుడు వచ్చిందో పక్కన కూర్చుంది. జోగమ్మ తప్పు చేసినదానిలా చొక్కా దించింది.

"దీన్నీ ఉతికెస్తాన్లే," అంది.

గౌరి చొక్కా తీసుకుని మెడపట్టీ దగ్గర ముక్కు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తీసేసరికి ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

"ఉతక్కు," అంది. "యాపాకు ఏసి దాసుకో."

తర్వాత పిల్లాడి మొహం మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టి, వాడి వైపే చూస్తూ మెల్లగా చెప్పింది. తన పెళ్ళికి ముందు ఒకరోజు నాన్న ఈ డాబా మీదే కూర్చోబెట్టి అంతా చెప్పాడంది. అన్నకి తన చేత్తో ఒక్క ఉండే కట్టాననీ, పిసినారితనం చేసి వాణ్ణి పోగొట్టుకున్నాననీ, నీ పిల్లలకి నువ్వలా చెయ్యకనీ చెప్పి ఏడిచాడంది. ఆసుపత్రిలో తను నిలబడి ఆడింది అబద్ధమని గౌరికి అప్పుడే తెలుసునని జోగమ్మకి ఇప్పుడు అర్థమైంది.

"ఈడు పెద్దయ్యేక అడుగుతాడు కదమ్మా," అంది గౌరి. "అన్నకి కట్టింది నువ్వేనని ఈడికి కూడా సెప్పుదాం."

జోగమ్మ తలూపింది. పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడు తాత ముక్కుతో ఒకసారి తుమ్మి, మళ్ళీ పడుకున్నాడు.